బోర్లా పడిన పొర

నా కన్నకూతురంటే నాకు కుళ్ళు. ఈ మాట బయట ఎక్కడా అనలేను కాబట్టి ఇక్కడ ముందే చెప్పేస్తున్నాను. కూతురు పైకొస్తే తండ్రి పొంగిపోవాలి. నేనూ నలుగురి ముందూ పొంగాను, ఆసుపత్రి అంతా తిరిగి కాకినాడ కాజాలు పంచాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ముప్పై ఒక్క ఏళ్ళలో నా పనికి ఒక్కడైనా ఒక్క కాజా పంచాడా అని గింజుకున్నాను.

నా పేరు వాసంశెట్టి వీరభద్రం. కంటి ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. డాక్టర్లు కంట్లోంచి కోసి తీసిన తునకని మైక్రోస్కోపు కింద చదవడానికి వీలుగా తయారుచెయ్యడం నా ఉద్యోగం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. తెల్లగుడ్డు మీద సన్నటి పొర ఒకటుంటుంది, కళ్ళకలక వచ్చినప్పుడు ఎర్రబడేది అదే. ఎండలోనూ ఉప్పుగాలిలోనూ బతికేవాళ్ళకి దాని మీద కండ పెరుగుతుంది. చాలావరకు అది వట్టి కండే. ఎప్పుడైనా ఒకటి మాత్రం కేన్సరు అయ్యే రకం. తేల్చుకోవాలంటే తునక కోసి చూడాలి. కోసిన మరుక్షణం ఆ పొర తడి ఉల్లిపొరలా చుట్టుకుపోతుంది. అలాగే మందునీళ్ళలో పడేస్తే చుట్టుకున్నట్టే గట్టిపడుతుంది. తర్వాత దాన్ని ఎంత సన్నగా తరిగినా కత్తి ఏటవాలుగా పడి, పైన ఉన్న జబ్బు లోతుకి దిగిపోయినట్టు కనిపిస్తుంది. లేని జబ్బుకి కన్ను తీసేసిన సందర్భాలున్నాయని నాకు పని నేర్పిన ఆయన చెప్పేవాడు.

అందుకే ముందు దాన్ని పరవాలి, పైవైపు పైకి ఉండేలా వెల్లకిలా. నేను కీరాదోసకాయ చక్రం మీద పరుస్తాను. కాగితం కంటే దాని తడి పొరకి బాగా పడుతుంది, ముడత రాదు, తర్వాత కీరాతో సహా మైనంలో దించి తరిగెయ్యొచ్చు. మా ఆవిడ తాయారు రోజూ పొద్దున్నే సంచిలో రెండు కీరాలు వేస్తూ, "ఇంట్లో మడుసులకి లేపోయినా ఆసుపత్రికి మాత్రం కూర వెళ్ళాలి" అని సణుగుతుంది. కొత్త డాక్టర్లు మొదట నవ్వుతారు. స్లైడు చూశాక నవ్వు ఆపేస్తారు.

మా అమ్మాయి హిమజ హైదరాబాదులో పెద్ద చదువు చదివి, మూడేళ్ళ కిందట మా ల్యాబుకే సైంటిస్టుగా వచ్చింది. నాకు స్టూలు, దానికి తలుపున్న గది. తలుపు మీద పేరు. ఆ గదిలోనే హిమజ ఒక పెట్టె తయారుచేసింది. దానికో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది గానీ, గడ్డిలో మామిడికాయలు మాగేసినట్టు కంటిపొరని మాగేస్తుంది కాబట్టి నేను మాగుపెట్టె అన్నాను. వెక్కిరింపుకే అన్నాను. అదే పేరు ఆసుపత్రి అంతా అంటుకుంది, హిమజ కూడా నవ్వుతూ అదే వాడటం మొదలుపెట్టింది. నా వెక్కిరింపు కూడా దాని ఖాతాలోనే పడింది.

సంగతేమిటంటే, నా పద్ధతిలో తునక చచ్చిపోతుంది. ఇవాళ ఎలా ఉందో అంతే చెబుతుంది. హిమజ పెట్టెలో తునక చావదు. వెచ్చటి జెల్లీ మీద బతికే ఉంటుంది, పైగా పరుగులు పెడుతుంది. అక్కడ ఒక రోజంటే కంట్లో ఒక ఏడాది. జెల్లీ అడుగున గాజు, గాజు కింద కెమెరా. జబ్బు కణాలు పొరని చీల్చుకుని అడుగుకి దిగితే కెమెరాకి దొరికిపోతాయి. తొమ్మిది రోజులు చూస్తే మనిషి కంట్లో తొమ్మిదేళ్ళకి ఏమవుతుందో తెలుస్తుంది. దిగకపోతే పైపైన గీకి పంపెయ్యొచ్చు. దిగితే కన్ను తీసెయ్యాలి, లేకపోతే మనిషే పోతాడు.

మొదటిరోజు నాకు అలవాటైనట్టే తునకని కీరా మీద పరిచి పెట్టెలో పెట్టాను. సాయంత్రానికి నా కీరా కుళ్ళి నీళ్ళోడుతోంది. పెట్టె దాన్ని కూడా మాగేసింది.

"నాన్నా, నీ కీరా ముసలిదైపోయింది" అని హిమజ పకపకా నవ్వింది.

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

అయినా పరవడం నా చేతిలోనే ఉండిపోయింది. జెల్లీ మీదైనా సరే, దాన్ని వెల్లకిలా పడుకోబెట్టేది నేనే. ఎన్ని రాసినా ఎన్ని కనిపెట్టినా, చివరికి "నాన్నా, కాస్త పరిచిపెట్టవూ" అని నా స్టూలు దగ్గరికి రావాల్సిందే. ఆ ఒక్క మాట కోసం నేను పొద్దున్నే తొందరగా తయారయ్యేవాణ్ణి.

జనవరిలో హైదరాబాదు నుంచి మనుషులు వచ్చి పెట్టెని చూశారు. ఐదు ఊళ్ళలో ఆసుపత్రులకి ఇస్తామన్నారు, హిమజే వెళ్ళి అన్నిచోట్లా నేర్పాలన్నారు. ఒక్కటే షరతు. చెయ్యి తిరిగిన ముసలాయన లేని ఊళ్ళో కూడా పెట్టె పనిచెయ్యాలి. కాబట్టి రాబోయే తునకని హిమజ సొంతంగా పరిచి చూపించాలి.

"నీ చెయ్యి లేకుండా చెయ్యగలనంటావా?" అని ఆ సాయంత్రం ఇంటికొస్తుంటే స్కూటర్ మీద వెనకనుంచి అడిగింది.

"దానికేముందే, చిటికెలో పని" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళ పనిని నా నోటితో నేనే చిటికె చేసేశాను, అది కాదంటుందేమోనని. అది అనలేదు.

రాబోయే తునక పెమ్మాడి ధనరాజుది అయింది. యాభై దాటిన మనిషి, వేటబోటు నడిపే సరంగు. ఎడమకన్ను కుర్రతనంలోనే గాలం తగిలి పోయింది. మిగిలిన కుడికంట్లో నల్లగుడ్డు అంచున తెల్లగా, గరుగ్గా బియ్యపుగింజంత పొక్కు లేచింది. ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని నన్ను పట్టుకున్నాడు.

"అయ్యగారూ, పెద్దదాకటర్ని అడగలేకపోయానండి. మీరు లోపలోళ్ళు కదా. ఇది గానీ తీసేత్తారంటారా?"

"ముందు పరీక్ష చెయ్యాలి కదయ్యా."

"ఒక్క కన్నుతోటే ఇరవయ్యేళ్ళు తోలానండి బోటు. ఇదీ పోతే ఇంక ఒడ్డునే కట్టేసినట్టండి నన్ను. నా కింద ఏడుగురు కళాసీలున్నారు, ఆళ్ళూ ఒడ్డునే."

"మా అమ్మాయి చూస్తోందిలే" అన్నాను. ఆ మాట గర్వంగా అన్నానో ఎలా అన్నానో ఇప్పుడు చెప్పలేను.

తునక తీసింది డాక్టర్ విశాలాక్షి. ఆవిడకి పేరు పెట్టినప్పుడే ఉద్యోగం కూడా రాసిపెట్టారేమో, మా ఆసుపత్రిలో కళ్ళు కోసేవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. గోరులో సగం కూడా లేని తునక. అంతా పెట్టెకే పోయింది, నా పద్ధతికి మిగల్లేదు. హిమజ భూతద్దం తగిలించుకుని, సన్నటి కుంచెతో దాన్ని జెల్లీ మీద విప్పడం మొదలుపెట్టింది. నేను వెనక నిలబడ్డాను. దాని చెయ్యి వణకలేదు. వణికితే బాగుండునని ఎదురుచూశాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, పరిచి, ఊపిరి వదిలింది.

అప్పుడు నాకు కనిపించింది. పైకి ఉన్న వైపు గరుగ్గా, మసకగా ఉంది. కంటిపొర పైవైపెప్పుడూ నిగనిగలాడుతుంది, అడుగువైపే పీచులా ఉంటుంది. అంటే బోర్లా పరిచింది! నా గుండె ఎంత సంబరంగా కొట్టుకుందో రాయడానికి సిగ్గుగా ఉంది.

చెప్పొచ్చు. "అమ్మా, బోర్లా పడింది" అంటే చాలు. "అయ్యో, థాంక్స్ నాన్నా" అని తిప్పేస్తుంది, రేపటికి మరిచిపోతుంది. ఐదూళ్ళూ వెళ్ళిపోతుంది. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి దానికి ఫోనొచ్చింది. పెట్టె వేడెక్కడానికి పావుగంట పడుతుంది, ఆ తర్వాతే మూత బిగిసి కెమెరా మొదలవుతుంది. హిమజ ఫోను చెవికి పెట్టుకుని వసారాలోకి వెళ్ళింది.

నేను మూత ఎత్తి, పట్టకారుతో తునకని తిప్పేశాను. రెండు నిమిషాల పని. చెడగొట్టాలని కాదు, ఒట్టు. సరిచేస్తున్నాననే అనుకున్నాను. కానీ ఆ సరిచెయ్యడాన్ని నా దగ్గరే దాచుకోవాలనుకున్నాను. పెట్టె నిజం చెబుతుంది, చప్పట్లు హిమజకి కొడతారు, ఆ నిజం నా చేతిదని నాకొక్కడికే తెలుస్తుంది. ఎప్పుడో, దాని పేరు పేపర్లో పడ్డ రోజున, మెల్లగా చెబుతాను. అప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను.

మొదటి మూడు రోజులూ కెమెరాకి ఏమీ కనబడలేదు. నాలుగో రోజు గాజు మీద కణాలు ఒక్కసారిగా బారులు తీరాయి. హిమజ ముఖం పాలిపోయింది.

"ఇంత తొందరగా ఎప్పుడూ దిగలేదు నాన్నా" అంది.

"జబ్బు అలాంటిదేమో" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

తొమ్మిదో రోజుకి గాజంతా నిండిపోయింది. విశాలాక్షి గారు చూసి, కన్ను తీసెయ్యాల్సిందే అన్నారు, ఎల్లుండి పొద్దున్న ఆపరేషన్. ధనరాజుకి ఆ సంగతి చెప్పినప్పుడు నేను లోపలికి వెళ్ళలేదు. కిటికీలోంచి చూశాను. అతను ఏడవలేదు. కన్ను తీసేలోగా ఒక్కసారి రేవుకెళ్ళి బోటు చూసుకు రావచ్చా అని అడిగాడు. హిమజ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

పెట్టెలోంచి తీసిన తునకని రికార్డు కోసం నాకిస్తారు. దాన్ని మైనంలో దించి, మర్నాడు తరిగి, రంగేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. రికార్డే కదా అని టీ పక్కన పెట్టుకుని చూశాను.

కంటిపొర పైవరసలో, పక్కపక్కన కూర్చున్న నీటిబుడగల్లాంటి కణాలుంటాయి. కంటిని తడిగా ఉంచే జిగురు తయారుచేసేవి అవే. అవి పైవైపున తప్ప ఇంకెక్కడా ఉండవు. నా స్లైడులో అవి అడుగున, జెల్లీ అంటిన వైపున ఉన్నాయి. వాటి పక్కనే గట్టి తోలులా చచ్చిన కణాల పొర సగం కరిగి కనబడింది. ఆ తోలే ధనరాజు కంట్లో గరుగ్గా కనబడిన తెల్లపొక్కు. దాని వల్లే ఈ తునకకి పైవైపు గరుగ్గా ఉంది. అడుగువైపు పీచంతా విశాలాక్షి గారు శుభ్రంగా గీకేశారు కాబట్టి అది నిగనిగలాడింది. హిమజ తిప్పి తిప్పి చూసింది ఇదే. అది వెల్లకిలానే పరిచింది. నేను బోర్లా వేశాను. తోలు కరగడానికి మూడు రోజులు పట్టింది, నాలుగో రోజు పైవైపు కణాలు తిన్నగా గాజు మీదికి దిగాయి. జబ్బు లోతుకి దిగలేదు. నేను దించాను.

టీ చల్లారిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళలో నా చెయ్యి తప్పిన మొట్టమొదటి తునక, ఒంటికన్ను మనిషిది.

స్లైడు పట్టుకుని విశాలాక్షి గారి గదికి వెళ్ళాను. హిమజ అక్కడే ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి.

"మేడమ్, రేపటి ఆపరేషన్ ఆపండి. తునక పెట్టెలో బోర్లా పడుంది. కెమెరా చూసింది పైవైపుని" అన్నాను.

ఆవిడ స్లైడు చూశారు. చాలాసేపు చూశారు. కుర్చీలో వెనక్కి వాలి, "దేవుడా, ఎంత పని జరిగేది! ఈ తునక పరిచిందెవరు?" అన్నారు.

గదిలో ముగ్గురమే. హిమజ నావైపు చూడలేదు. నేల చూసింది.

"నేనే మేడమ్. పైవైపు ఏదో చాలాసేపు చూశాను. సరిగ్గానే పెట్టాననుకున్నాను" అంది.

ఆ క్షణంలో నాకు నోట మాట రాలేదంటే అబద్ధం. మాట వచ్చింది. నాలుక మీదికి వచ్చి కూర్చుంది. కన్ను ఎలాగూ దక్కింది కదా, ఇప్పుడు చెప్పకపోతే కొత్తగా ఎవరికి నష్టం, అని ఇంకో మాట దాన్ని వెనక్కి లాగింది. విశాలాక్షి గారు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "భద్రం గారూ, మీరు లేకపోతే ఆ మనిషి గుడ్డివాడయ్యేవాడు" అన్నారు. మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. మింగేశాను.

మళ్ళీ చిన్న తునక తీశారు. నేను పరిచాను. తొమ్మిది రోజులూ గాజు శుభ్రంగా ఉంది. పైపైన గీకి, అంచుల్లో మిగిలిన జబ్బు చచ్చేలా గడ్డకట్టే చల్లదనం పెట్టి ధనరాజుని పంపేశారు. ఇప్పుడు అతను వేటకి వెళుతున్నాడు.

ఆసుపత్రిలో కొత్త నియమం పెట్టారు. పెట్టెలోకి వెళ్ళే ప్రతి తునకనీ వీరభద్రం పరవాలి, సంతకం చెయ్యాలి. హైదరాబాదు వాళ్ళు మళ్ళీ ఒకసారి హిమజతో పరిపించి చూస్తామన్నారు. అదే వద్దంది. "నా కంటి మీద నాకే నమ్మకం లేదు, నేనెవరికి నేర్పను?" అని ఉత్తరం రాసింది. పెట్టె మా ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ ఐదూళ్ళలో ఎన్ని కళ్ళు అనవసరంగా పోతున్నాయో, ఎన్ని పోకుండా ఉండేవో నేను ఆలోచించకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను.

నేను కోరుకున్నదంతా జరిగింది. హిమజ రోజూ నా స్టూలు పక్కన నిలబడి నేను పరుస్తుంటే చూస్తుంది. అప్పుడప్పుడు నేనే కుంచె దాని చేతికిస్తాను. సరిగ్గా పరుస్తుంది, ప్రతిసారీ సరిగ్గానే. కానీ పరిచాక తల ఎత్తి, "నాన్నా, ఇది పైవైపే కదా?" అని అడుగుతుంది. అవునంటే, "బాగా చూడు నాన్నా, మొహమాటపడకు" అంటుంది. మొదట్లో అలా అడిగితే నాకు లోలోపల హాయిగా ఉండేది. దాచడం ఎందుకు, చాలా హాయిగా ఉండేది. రెండు నెలలయ్యాక ఆ హాయి పోయింది. దాని చెయ్యి వణకడం మొదలైంది. నేనొకప్పుడు ఎదురుచూసిన వణుకు.

మొన్న ఆదివారం ధనరాజు ఇంటికొచ్చాడు, తాటాకు బుట్టలో పండుగప్ప పట్టుకుని.

"మీ చెయ్యి చల్లగుండాలండి అయ్యగారూ. మీరు కనిపెట్టకపోతే నా పని అయిపోయేదండి" అని చేప అరుగు మీద పెట్టి, లోపల ఉన్న హిమజని చూసి కాస్త తల తిప్పుకున్నాడు. పాపం, తప్పు దానిదేనని ఆసుపత్రిలో ఎవరో అతనికి చెప్పినట్టున్నారు. హిమజ అది చూసింది.

"లోపలికి రావయ్యా" అన్నాను గానీ, అతను ఆగలేదు.

తాయారు పులుసు పెట్టింది. ముగ్గురం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. హిమజ ముళ్ళు ఏరుతోంది గానీ తినడం లేదు. చెయ్యి కంచంలోనే పెట్టి చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు నువ్వు సరిగ్గానే పరిచావు. నువ్వు ఫోనుకి వెళ్ళినప్పుడు మూత తీసి తిప్పింది నేను."

తాయారు గరిటె ఆపింది. హిమజ నా మొహంలోకి చూసింది. నేను దెబ్బలకి సిద్ధపడినవాడిలా కూర్చున్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టలేదు. ఎడంచేత్తో నా భుజం పట్టుకుంది.

"ఎందుకు నాన్నా ఇలా? నన్ను నిలబెట్టడానికి నీ చేతి మీద మచ్చ వేసుకుంటావా?"

"అబద్ధం కాదే. నిజంగానే తిప్పాను. గరుకు చూసి మోసపోయాను."

"నువ్వా? గరుకు చూసి మోసపోయావా?" అంది. "చీకట్లో ఇచ్చినా ఏ వైపో చెప్పేస్తావు. నీకు అబద్ధం చెప్పడం కూడా రాదు నాన్నా."

"తండ్రి మనసంటే అంతేనే మరి. ఆరు నెల్లబట్టి నీ మొకం చూసి చూసి కుమిలిపోతన్నారు" అంది తాయారు, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

"అది కాదే! నాకు నీ మీద కుళ్ళు. వచ్చినప్పటినుంచీ కుళ్ళు. నీకు గది ఇచ్చారని, పేరొచ్చిందని. అందుకే నీకు చెప్పకుండా తిప్పాను" అన్నాను. గొంతు పెద్దదైంది. అంతకంటే నిజం నా జన్మలో ఎప్పుడూ చెప్పలేదు.

హిమజ ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది.

"నీకు? నా మీద? చాలు నాన్నా, ఇంక ఎక్కువ కల్పించకు, పట్టుబడిపోతున్నావు" అని, చేపలోంచి మంచి ముక్క ఒకటి తీసి, ముల్లు లేకుండా చూసి నా కంచంలో పెట్టింది. "రేపు రెండు తునకలున్నాయి. రెండూ నువ్వే పరుచు. నేను చూసి నేర్చుకుంటాను."

ఆరు నెలల్లో అది నవ్వడం అదే మొదలు. తాయారు కూడా నవ్వుతోంది. నేను ఇంకోసారి చెప్పలేదు. అది పెట్టిన ముక్క తిన్నాను.